నేను నర్సు అని ఎందుకు రాశాను?



పోయిన నెల క్లాసులో టీచర్ గారు "పెద్దయ్యాక ఏమవుతారు" అని చిట్టీలు రాయించారు. డాక్టర్ అని పంతొమ్మిది మంది, కలెక్టర్ అని ఏడుగురు, పోలీస్ అని నలుగురు రాసినారు. నర్సు అని ఒక్క చిట్టీ వచ్చింది. అది నాదే. టీచర్ చదవంగనే అందరూ నవ్వినారు. వెనక బెంచీలో ఎవరో "సూది మేడం" అన్నారు. ఎవరో నాకు తెలుసు, పేరు రాయను. అందుకే ఈ వ్యాసము రాయుచున్నాను.

మాది అమ్రాబాద్ మండలము, నల్లమల అడవిలో ఒక చెంచు పెంట. మా నాయిన తేనె, బంక తెచ్చి గిరిజన సహకార సంస్థకు అమ్ముతాడు. మా ఇంట్లో బడికి పోయింది నేనే మొదలు. వానకాలము మా పెంటకు జీపు కూడా రాదు. అయినా ఏఎన్ఎం మేడం టీకాల డబ్బా భుజానికి వేసుకొని నడిచి వచ్చేది. మా అవ్వ సూది అంటే చాలు, అడవిలోకి ఉరికేది. ఆ మేడం కోపము చేయకుండా చెట్టు కింద కూర్చొని, అవ్వ తిరిగి వచ్చేదాక అమ్మతో ముచ్చట పెట్టేది. ఏడాది తిరిగేసరికి అవ్వే ఆమె కోసము సీసాలో తేనె దాచిపెట్టింది. నౌకరీ చేసే ఆడమనిషిని నేను మొదట చూసింది ఆమెనే.

అయితే నర్సు చదువు అంటే ఒకటే కాదు. అది తెలియకనే మా పెద్దమ్మ బిడ్డ మోసపోయింది. అక్క పదవ తరగతి పాసైనంక బస్సులో ఎవరో కాగితము పంచినారు. ఒక సంవత్సరము నర్సింగ్, ఉద్యోగము గ్యారంటీ అని ఉన్నది. ఫీజు ఇరవై రెండు వేలు అంటే తక్కువే అనుకున్నారు. పెద్దనాయిన బంక పైసలు, ఉపాధి పని పైసలు కలిపి, తక్కువ పడినవి మిత్తికి తెచ్చినాడు. ఏడాదికి సర్టిఫికెట్ ఇచ్చినారు. నేను చూసినాను, రంగులతో చాలా అందముగా ఉన్నది. అది పట్టుకొని నౌకరీకి పోతే "నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరేది?" అని అడిగినారు. అక్కకు ఆ మాటే తెల్వదు. ఇప్పుడు ఒక ప్రైవేటు దవాఖానలో పక్కబట్టలు మారుస్తున్నది. ఆ పని తక్కువని నేను అనను. కాని దానికి నర్సు జీతము ఇవ్వరు. మిత్తి ఇంకా కడుతూనే ఉన్నారు.

అందుకే దసరా సెలవుల నుంచి రాంగనే మన హాస్టల్ సిస్టర్ గారిని నాలుగు రోజులు వదలలేదు. జ్వరము లేకున్నా సిక్ రూము ముందు కూర్చున్నాను (క్షమించాలి). ఆమె చెప్పింది ఏమంటే, పదవ తరగతి కాంగనే ఇంటర్ ఒకేషనల్‌లో ఎంపీహెచ్‌డబ్ల్యూ అని రెండేండ్ల కోర్సు ఉన్నది. ఏఎన్ఎం పనికి అది దారి. జీఎన్ఎం అయితే ఇంటర్ తరువాత మూడేండ్లు, ఏ గ్రూపు చదివినా చేరవచ్చు. బీఎస్సీ నర్సింగ్ నాలుగేండ్లు, దానికి ఇంటర్‌లో బైపీసీ ఉండాలి. జీఎన్ఎం చేసినవాళ్లు ఇంకో రెండేండ్లు చదివి బీఎస్సీ తెచ్చుకోవచ్చు. ఎందులో చేరినా ముందుగాల ఆ కాలేజీకి గుర్తింపు ఉన్నదా, అయిపోయినంక కౌన్సిల్‌లో మన పేరు ఎక్కుతదా అని అడగాలంట.

డాక్టర్ చదువు అయిదున్నర ఏండ్లు, దాని ముందు నీట్ పరీక్ష. ఒకసారి ర్యాంకు రాకపోతే కోచింగ్ ఒక ఏడాది, మళ్లీ రాకపోతే ఇంకో ఏడాది. తెలంగాణలో 2022 నుంచి మన ఎస్టీలకు పది శాతము రిజర్వేషన్ ఉన్నది, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉన్నది. కాని పోయిన ఏండ్లను ఎవరూ రీయింబర్స్ చేయరు గదా. ఆ పంతొమ్మిది మందికీ సీటు రావాలని నా కోరిక. మా ఇంట్లో మాత్రము అంత పందెము కట్టలేము.

ఇక మిగిలింది ఎంపీహెచ్‌డబ్ల్యూనా, బీఎస్సీనా అని. అమ్మ మొదటిదే అంటది. "రెండేండ్లల్ల చేతికి వస్తవు బిడ్డా" అంటది. తమ్ముడు చిన్నోడు, నాయినకు మోకాళ్ల నొప్పులు, తేనెకు చెట్టు ఎక్కుడు కష్టమైతున్నది. సిస్టర్ గారు ఫోన్‌లో ఒక ఫోటో చూపించినారు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఎర్రగుంట పీహెచ్‌సీలో ఏఎన్ఎం తేజావత్ సుశీల గారు, 2023లో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారి చేతుల మీదుగా ఫ్లోరెన్స్ నైటింగేల్ అవార్డు తీసుకుంటున్నది. గుత్తికోయ గూడేలల్లో పని చేసిన ఆమె. అది చూసి నా మనసు మళ్లీ అమ్మ మాట వైపు ఊగింది. రెండేండ్లు చదివి పని చేసుకుంటూ పైది చదువుతా అన్నాను. సిస్టర్ గారు నవ్వి, "జీతము ఒకసారి ఇంటికి అలవాటైనంక మళ్లీ చదువుకు ఎవరు పంపుతారు?" అన్నారు. ఆ నవ్వు నాకు మంచిగ అనిపించలేదు. ఆమె తన సంగతే చెప్పినట్టున్నది.

సాయంత్రము స్టడీ అవరులో శంషాబాద్ విమానాలు మన మేడ మీద నుంచి హిమాయత్ సాగర్ దాటి పోతాయి గదా. మన సర్కారు సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మనీ, జపాన్ భాషలు నేర్పించి అక్కడికి పంపుతున్నదంట. నాకు ఆ ఆశ లేదంటే అబద్ధము. ఈ చెరువు 1927లో కట్టినారని సోషల్ సార్ చెప్పినారు, పైనుంచి ఎట్లుంటదో సారుకు కూడా తెల్వదు. ఒక్కసారి చూడాలని ఉన్నది. చూసినంక మన్ననూరు బస్సు ఎక్కుతాను.

పోయిన ఆదివారము అమ్మ వచ్చినప్పుడు చెప్పినాను. బైపీసీ రెండేండ్లు, సర్కారు కాలేజీలో బీఎస్సీ నాలుగేండ్లు, ఆ సీటు రాకపోతే జీఎన్ఎం అని. అమ్మ వేళ్ల మీద లెక్క పెట్టి "ఆరేండ్లా" అన్నది. చాలాసేపు ఏమీ అనలేదు. తెచ్చిన సీతాఫలాలు నా ముందు పెట్టింది. తరువాత "మరి అంత చదువుకు మార్కులు మంచిగ వస్తున్నయా?" అని అడిగింది. జీవశాస్త్రములో 80కి 66 అని చెప్పినాను.

ఇంగ్లీషులో 31 అని చెప్పలేదు. వార్డెన్ మేడం గారు ఇది చదివితే, మా అమ్మ మళ్లీ వచ్చినప్పుడు చెప్పవద్దని మనవి. సంక్రాంతి లోపల పెంచుకుంటాను.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని