పాదము చూడండి



ఈమధ్య మన విశ్వాసుల ఇళ్లలో లవ్ బర్డ్స్ పంజరాలు ఎక్కువగా కనబడుతున్నాయి. మనం ఆ పేరుతో పిలిచేవి చాలావరకు బడ్జెరిగార్లు, ఆస్ట్రేలియా దేశపు చిన్న చిలుకలు. (మన రామచిలుకను మాత్రం పంజరంలో పెట్టకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. ఎవరింట్లోనైనా ఉంటే అటవీ శాఖ వారికి అప్పగించండి.)

మొన్న గృహ దర్శనములకు వెళ్లినప్పుడు ఒక సహోదరి, "అయ్యగారూ, మా పిట్ట కుంటుతోంది, ప్రార్థన చేయండి" అన్నది. పక్కింటివారు నవ్వారు. మేము నవ్వలేదు. నీతిమంతునికి తన పశువు ప్రాణం మీద కూడా లక్ష్యముంటుందని సామెతల గ్రంథము 12వ అధ్యాయము నేర్పిస్తున్నది కదా.

ప్రార్థన చేసి పంజరంలోకి చూశాము. షాపులో ఇచ్చిన రెండు ప్లాస్టిక్ పుల్లలే ఉన్నాయి. రెండూ ఒకే లావు, నున్నగా ఉన్నాయి.

చిలుక రాత్రింబగళ్లు కాళ్ల మీదే ఉంటుంది, నిద్ర కూడా అలాగే పోతుంది. దాని పాదానికి రెండు వేళ్లు ముందుకు, రెండు వెనక్కు. ఆ వేళ్లతో కొమ్మ మీద నిలుస్తుంది, నిద్రలో కూడా జారిపడదు. ఎంత జ్ఞానముతో చేశాడు దేవుడు! కానీ పుల్ల ఎప్పుడూ ఒకే లావుగా ఉంటే బరువంతా అరికాలిలో ఒకే చోట పడుతుంది. ముందు అక్కడి గరుకు పోయి ఎర్రగా, నున్నగా మెరుస్తుంది. తరువాత చెక్కు కడుతుంది, వాస్తుంది, చీము పడుతుంది. వట్టి కొర్రలే పెడితే విటమిన్ ఎ తక్కువై చర్మం ఇంకా పాడవుతుంది. కాస్త మునగాకు, కొత్తిమీర, క్యారెట్ తురుము అలవాటు చేయండి.

చెట్టు మీద ఏ కొమ్మా ఒకే లావుగా ఉండదు. ఒకచోట కణుపు, ఒకచోట వంపు. అడుగు వేసిన ప్రతిసారీ పట్టు మారుతుంది, నొక్కిడి ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోతుంది. కాబట్టి మందు కొట్టని జామ కొమ్మ తెచ్చి, కడిగి, ఎండబెట్టి, బెరడుతోనే కట్టండి. ఈ చిన్న పక్షికి చిటికెన వేలి లావు నుంచి బొటనవేలి లావు వరకు రకరకాలుగా ఉంటే మంచిది. గన్నేరు వద్దు, అది విషం. గోళ్లు అరుగుతాయని అమ్మే గరుకు కాగితం తొడుగులూ వద్దు, అవి అరికాలిని గీరేస్తాయి. తిండి గిన్నె మీదుగా కొమ్మ కట్టకండి, రెట్ట పడుతుంది. పుండు పడితే మాత్రం మీరు గిల్లకుండా పశువుల డాక్టరుకు చూపించండి.

ఇశ్రాయేలీయులను దేవుడు 40 ఏళ్లు నడిపించినది నున్నని దారిలో కాదు. అయినా వారి కాళ్లు వాయలేదని ద్వితీయోపదేశకాండము 8వ అధ్యాయములో చదువుతాము. అన్ని లక్షలమంది పాదములు ఆయన లెక్కలో ఉన్నాయి.

ఇదంతా చెప్తుండగా ఆ సహోదరి మడమ మీద బరువు వేసి నడవడం కనబడింది. ఆమెకు చాలా ఏళ్లుగా షుగరు. "కాలు చూపించండమ్మా" అంటే చీర కుచ్చెళ్లు కిందికి లాక్కుని, "అయ్యగారి ముందు కాలు చాపుతానా!" అన్నది. పేతురుకూ ఇదే మొహమాటం, ప్రభువు తన పాదములు కడగరాదని. పాస్టరమ్మగారు కింద కూర్చుని ఆమె కాలు ఒళ్లో పెట్టుకుని చూస్తే, బొటనవేలి కింద రూపాయి బిళ్ళంత పుండు. నొప్పి లేదట. షుగరు నరాలను మొద్దుబారుస్తుంది, అందుకే తెలియలేదు. పిట్ట కుంటడం వాకిట్లో నుంచే కనిపెట్టిన మనిషి!

మరునాడు ఇద్దరినీ చూపించాము, ఆమెను ఆసుపత్రిలో, పిట్టను పశువైద్యశాలలో. పుండు ఇంకా ఎముక దాకా పోలేదని డాక్టరు చెప్పారు. కట్టు మార్పించుకోవడానికి వెళ్తున్నది, ఆమె కోసం ప్రార్థించండి. పిట్ట జామ కొమ్మకు అలవాటు పడింది.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక షుగరు ఉన్నవారు, పెద్దలు సహా, కాసేపు ఆగండి. నర్సుగా పనిచేసే మన సంఘ సహోదరి, పాస్టరమ్మగారు మీ పాదములు చూస్తారు. మందిరం బయట చెప్పులు విడిచేటప్పుడు, లోపల మేకు ఏదైనా తేలిందేమో ఒకసారి చెయ్యి పెట్టి చూసుకోండి.