పుష్కరాల ముందు పాలిష్

1991 పుష్కరాలు దగ్గరపడుతుంటే రాజమండ్రిలో ఇల్లున్న ప్రతివాళ్లకీ ఒకటే ఆలోచన: చుట్టాలు. పన్నెండేళ్లకోసారి వచ్చే పండగ, నాలుగడుగులు వేస్తే గోదావరి, పైగా మాది పెద్ద పెరడున్న ఇల్లు. రానిదెవరు? ఆ వేసవంతా మా వీధిలో సున్నం వాసనే. మా ఇంట్లో సున్నాలతోపాటు ఇంకో పని కూడా పెట్టుకున్నారు. వంటింటి అలమారాలకు పాలిష్.

అవి గోడలో కట్టిన టేకు అలమారాలు. పూర్వం ఏజెన్సీ నుంచి దుంగల్ని తెప్పలుగా కట్టి నది మీద దించేవారనీ, మన తలుపుల టేకు అలా వచ్చిందేననీ మామ్మ చెప్పేది. వాటి పక్కనే పాలూ పెరుగూ పెట్టుకునే జాలీ బీరువా. చీమలెక్కకుండా దాని కాళ్లు నాలుగూ నీళ్లు పోసిన గిన్నెల్లో ఉండేవి. ఏళ్ల తరబడి ఆ వంటింట్లో కట్టెల పొయ్యి, తర్వాత పొట్టు పొయ్యి వెలిగాయి. పొగ పైకే పోతుంది కనక తలుపుల పైసగం నల్లబడిపోయింది. కిందిసగం మాత్రం తడిగుడ్డ పెట్టి తుడిచీ తుడిచీ వెలిసిపోయింది. పిడుల చుట్టూ నూనె చేతుల మరకలు. గ్యాస్ వచ్చి పొగ ఆగింది గానీ ఒకే తలుపు మీద రెండు రంగులు అలాగే ఉండిపోయాయి.

పాలిష్ మేస్త్రీ వచ్చి గోటితో గీకి చూశాడు. "పై నలుపు చెక్కలోకి దిగిపోయిందండి. దాన్ని తెల్లగా చెయ్యాలంటే సగం పలక చిత్రిక పట్టెయ్యాలి. కిందదాన్నే పైదానితో కలిపేద్దామండి" అన్నాడు. మామ్మకు ఇది బొత్తిగా నచ్చలేదు. "పొయ్యి నలుపు వదిలిందిరా దేవుడా అనుకుంటే, మళ్లీ డబ్బిచ్చి నలుపు పూయించుకోవడమేమిట్రా?" అని నాన్న మీద విరుచుకుపడింది. "నలుపు కాదండీ అత్తయ్యగారూ, ముదురు రంగు" అని అమ్మ సర్దబోయింది. "పేరు మారిస్తే రంగు మారుతుందా?" అంది మామ్మ.

మేస్త్రీ వాదన పెట్టుకోలేదు. ఒక తలుపు లోపలివైపు బెత్తెడు బెత్తెడు చొప్పున మూడు రంగులు పూసి చూపించాడు. తేనె రంగు, మహాగని, రోజ్‌వుడ్. పూసిన చోట స్పిరిట్ గుడ్డతో ఒకసారి తడిపి, "ఈ తడిలో ఏ రంగు కనబడుతోందో, పాలిషయ్యాక అదే ఉంటుందండి" అన్నాడు. అమ్మ పొద్దున ఎండలో ఒకసారీ, రాత్రి బల్బు కింద ఒకసారీ చూసి మహాగని ఖాయం చేసింది. ఆ మూడు మచ్చలూ తలుపు లోపల అలాగే ఉండిపోయాయి. డబ్బా కోసం తలుపు తీసినప్పుడల్లా మామ్మ తేనె రంగు మీద వేలుపెట్టి, "ఇదీ రంగంటే" అనేది.

తలుపులన్నీ ఊడదీసి పెరట్లో మామిడిచెట్టు కింద వేశారు. వంటసామానంతా హాల్లోకి వచ్చింది. సోడా నీళ్లతో జిడ్డు కడిగి, ఆరాక గాజుపెంకుతో గీకి, ఆపైన గరుకు కాగితం. గాజుపెంకు అంచుకు చుట్టలు చుట్టుకుంటూ లేచే పాత పాలిష్‌ని ఏరుకోవడం మా పిల్లల పని. గరుకు కాగితం మా చేతికీ ఇచ్చేవాడు గానీ, పక్కనే నిలబడి చూసేవాడు. చెక్క నార ఎటుంటే అటే రుద్దాలి. అడ్డంగా రుద్దితే గీతలు పడతాయి, రంగంతా ఆ గీతల్లోకి దిగి కూర్చుంటుంది. "లేత రంగు తప్పుని కాస్తుందండి. ముదురు రంగు పట్టిచ్చేస్తుంది" అనేవాడు. మరకలు దాచుకోవడానికి ముదురు రంగు వేయిస్తున్నాం అనుకున్న నాన్నకు ఈ మాట కొత్త.

తలుపులు అలా బోసిగా పడున్న రోజుల్లోనే మే 21 రాత్రి రాజీవ్ గాంధీ హత్య జరిగింది. ఊళ్లో కొట్లన్నీ మూతపడ్డాయి, స్పిరిట్ దొరకలేదు. పెద్దవాళ్లు రేడియో చుట్టూ చేరారు. మేస్త్రీకి మాత్రం ఆకాశం మీద దిగులు. లక్క పాలిష్ ఆరేటప్పుడు గాలిలో చెమ్మ ఉంటే తెల్లగా మసకబారిపోతుంది. తొలకరి పడేలోపు పని తేలాలి.

కొట్లు తెరిచాక అసలు తమాషా మొదలైంది. లక్క రేకులు పాకం ముదిరి విరిగిన చిక్కీ ముక్కల్లా ఉండేవి. వాటిని నీలిరంగు స్పిరిట్ సీసాలో వేసి రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే పలచటి గుడ్డలో వడకట్టేవాడు. మోదుగ, రేగులాంటి చెట్ల కొమ్మల మీద బతికే చిన్న పురుగు కట్టుకునే గూడే ఈ లక్క అని ఆయన చెబితేనే తెలిసింది. మా బొమ్మలకొలువులో ఏటికొప్పాక లక్కపిడతల మెరుపూ ఇదేనట. అక్కడ తరిణ మీద తిరిగే అంకుడు కర్రకు రంగు లక్క ఆనిస్తే, ఆ రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. ఇక్కడ అదే లక్కని స్పిరిట్ కరిగిస్తుంది.

ముందు సుద్దపొడిలో రంగు కలిపి టేకు రంధ్రాలు పూడ్చాడు. ఆరాక పాలిష్. దూదిని మెత్తటి పాతగుడ్డలో ఉండగా చుట్టి, లక్కలో ముంచి, చుక్క నూనె అద్ది, సున్నాలు చుడుతూ, ఎనిమిది అంకె దిద్దుతూ పోయేవాడు. గుడ్డ ఎక్కడా ఆగకూడదు. ఆగితే ఆరీ ఆరని పూత లేచి వచ్చేస్తుంది. పూత మీద పూత, మధ్యలో పాత గరుకు కాగితంతో రుద్దుడు. పూతపూతకీ తలుపు లోతుగా, నున్నగా తేలుతూ వచ్చింది. పైసగం, కిందిసగం అన్న తేడా పోయింది.

వెళ్లేముందు అమ్మ చేతిలో ఒక చిన్న సీసా పెట్టాడు. "ఈ పాలిష్‌కి వేడి పడదండి, నీళ్లూ పడవు. వంటిల్లు కదా, ఈ రెండూ తప్పవు. తెల్లమచ్చ పడితే గుడ్డతో ఇది కాస్త అద్దండి. కొత్త లక్క పాత లక్కని కరిగించుకుని అందులో కలిసిపోద్దండి. అతుకు కనబడదు."

పుష్కరాలకు చుట్టాలు వచ్చారు, స్నానాలు చేశారు, పులిహోరలు తిన్నారు. మిడతలదండులా వచ్చి వెళ్లిన ఆ జనంలో తలుపుల రంగు గమనించినవాళ్లు లేరు. వేడి గిన్నెలు మాత్రం కావలసినన్ని మచ్చలు పెట్టాయి. అమ్మ సీసా తీసింది. ఆ తర్వాత ఏటా దసరాకు ముందు అదే పని. సీసా అయిపోతే స్పిరిట్, లక్క తెప్పించి తనే నానబెట్టుకునేది. తలుపులు ఏటికేడాది ఇంకాస్త ముదిరాయి గానీ ఒక్కటీ మార్చాల్సిన పని రాలేదు. మరక పడకుండా చూసుకోవడం ఆ ఇంట్లో ఎవరివల్లా కాలేదు. పడ్డ మరకను బాగుచేసుకోవడం మాత్రం వంటతోపాటు వచ్చిన విద్యే అయిపోయింది.

ఈమధ్య మా ఫ్లాట్‌లో మాడ్యులర్ కిచెన్ వేయిద్దామని ఒకతన్ని పిలిపించాం. పీయూ పాలిష్ గొప్పదనం చెప్పాడు. వేడికి, నీళ్లకి లక్కకన్నా అది గట్టిదన్నది నిజమే. పదేళ్ల గ్యారంటీ అన్నాడు. అమ్మ అన్నీ విని, "మధ్యలో ఒక్కచోట గీత పడితే, అక్కడికే పూసుకోవచ్చా బాబూ?" అని అడిగింది.

"కుదరదండీ అమ్మగారూ. తలుపంతా గీకి మళ్లీ కొట్టాలి. అంతకంటే కొత్త తలుపు వేయించుకోవడమే నయం."

"పదేళ్లు నువ్వు చూసుకుంటావు, బానే ఉంది. పదకొండో ఏట నేనేం చెయ్యాలో కూడా చెప్పు మరి" అంది అమ్మ.