తెరవెనుకటి మనుష్యుడు

మేమొక తప్పు చేసితిమి. దానిని ఒప్పుకొనుటకే యీ నాలుగు మాటలును వ్రాయుచున్నాము. కొన్నియేండ్ల క్రిందట మా ప్రాంతపు కళాకారులను గుర్తించి సన్మానించుటకై యొక సంఘ మేర్పడగా, అందు మమ్మును నొకరిగా కూర్చుండబెట్టిరి. సంస్కృతమును ఇంగ్లీషును చదివిన బడిపంతులు గనుక కళల మర్మ మెరిగియుందుమని వారు తలచిరి. మేమును అట్లే తలచితిమి.

ఒకనాడు తోలుబొమ్మలాట యాడించు వృద్ధుడొకడు దరఖాస్తుతో వచ్చెను. చిన్ననాట అతని చేతిలో హనుమంతుడు సముద్రము దాటుచుండగా మేము నోరు తెరచి చూచినవారమే. జుట్టుపోలిగాడును బంగారక్కయు తగవులాడగా కడుపుబ్బ నవ్వినవారమే. కాని దరఖాస్తులో, ప్రదర్శన చేయుచున్నట్లు కళాకారుని ఛాయాచిత్రము జతపరుపవలెనని యొక నియమము కలదు. అతడు తెచ్చిన చిత్రములో తెరయు బొమ్మయు తప్ప మరేమియు లేదు. “ఇందులో నీవెక్కడ?” అని యడిగితిమి. “తెర వెనకాల ఉన్నాను, అయ్యవారూ. నేను కనపడితే ఆట చెడిపోదా?” అనెను. అందరమును నవ్వితిమి. నవ్వి, ఆధారము చాలదని ఆ కాగితమును ప్రక్కన బెట్టితిమి. ఆ యేటి శాలువ, యోగ్యతాపత్రముల కట్టతో వచ్చిన యొక యువకునికి దక్కినది. ముసలివాడు చిత్రమును పంచెకొంగున మడిచికొని, నమస్కరించి వెడలిపోయెను.

ఆనాటినుండి ప్రభుత్వమునకును కళకును గల సంబంధమేమో యని మాలో మేము తర్కించుకొనుచున్నాము. పూర్వము రాజులు పోషించిరి. ఒక రాజు మెచ్చనిచో కవి మరియొక రాజుకడకు పోవచ్చును; పోతనవలె ఏ రాజునకును కృతి నీయక నాగలి పట్టెనని చెప్పబడు వారును కలరు. రాజు పక్షపాతియే కావచ్చును, కాని వినునప్పుడు తన చెవితో వినెను. నేటి ప్రభుత్వమునకు చెవులు లేవు, దస్త్రములు కలవు.

మన దేశమున ఆంగ్లప్రభుత్వము కళను మొదట రక్షకభటుని కంటితో చూచినది. 1876లో చేసిన నాటకప్రదర్శనల చట్టము తనకు గిట్టని నాటకమును నిషేధించుటకే పుట్టినది. స్వాతంత్ర్యానంతరము దృష్టి మారినది. 1953లో సంగీత నాటక అకాడమీయు, 1954లో సాహిత్య అకాడమీయు లలిత కళా అకాడమీయు వెలసెను. బ్రిటనులో 1946లో నెలకొన్న కళామండలి యొక్క సూత్రమేమనగా, ధనము ఖజానాది, ఎంపిక మాత్రము మంత్రులది కాదు. ఇట్టి యెడము లేనిచోట నేమగునో సోవియట్ రష్యా చూపినది. 1948లో అచ్చటి పాలకపక్షము షోస్తకోవిచ్, ప్రొకోఫియెవ్ వంటి సంగీతకర్తలను తీర్మానముతో దండించి, పదేండ్లకు, 1958లో, ఆ తీర్పులు అన్యాయమని తానే యొప్పుకొనెను. అప్పటికి ప్రొకోఫియెవ్ జీవించి లేడు. మన యాంధ్రప్రదేశమునందును 1983లో రాష్ట్రప్రభుత్వము అకాడమీలను రద్దుచేసినది. 1985లో తెలుగు విశ్వవిద్యాలయము స్థాపించినది. నిలుపుటయు తొలగించుటయు నొక్క చేతిలోనే యున్నప్పుడు కళకు నిలుకడ యెక్కడిది?

అయినను నిజము చెప్పవలెను. ఆనాడు మా గదిలో మంత్రి లేడు. ఎవ్వరును సిఫారసు చేయలేదు. అన్యాయము చేసినవారము మేమే. కావున పాలకులకును కళకును నడుమ ఎడ ముండుట యొక్కటియే చాలదు. కళకును నిర్ణేతకును నడుమ ఎడము తగ్గవలెను.

కాగితము లడుగకున్న నెవరివారికి వారు పంచిపెట్టుకొందురని కొంద రందురు. వారి మాట త్రోసివేయదగినది కాదు. ప్రజల సొమ్మునకు లెక్క యుండవలసినదే. కాని ఆ లెక్క కళకు తగినదై యుండవలెను. తెరవెనుక నుండువానిని ఛాయాచిత్ర మడుగుట, చేపను చెట్టెక్కి చూపుమనుటయే. సంఘమువారు ఒకరాత్రి పోయి ఆట చూడవలెను. ఆ యూరివారిని విచారింపవలెను. సభ్యులు రెండు మూడేండ్ల కొకమారు మారవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, శాలువలకు వెచ్చించు ధనములో సగమైనను శిష్యుని పోషణకు వెచ్చింపవలెను. శాలువ పెట్టెలో చివుకును. శిష్యుడు మరి నలువదియేండ్లు ఆడించును.

మరుసటియేడు మేము ఆ వృద్ధుని యింటికి పోయి క్షమింపుమని వేడితిమి. కొడుకు బెంగుళూరిలో కారు నడుపుకొనుచున్నాడట. బొమ్మలు బుట్టలో నున్నవి. మా కోరికమీద నొకరాత్రి వీధిలో తెర కట్టెను. చూడవచ్చినవారు ఇరువదిమంది కూడ లేరు. ఈమారు మేము తెర ముందు కూర్చుండలేదు. వెనుక కూర్చుండి, ఒక చేత రాముని, ఒక చేత రావణుని పట్టి, ఇద్దరి గొంతులను తానే పలుకుచు, చెమటలు గ్రక్కుచున్న యా మనుష్యుని తెల్లవారువరకు చూచితిమి.

ఆ నియమమును మార్పుడని సంఘమునకు వ్రాసితిమి. ఇంకను మారలేదు. మరల వ్రాయుదుము.