బత్తెం

బెంగళూరు నుంచి తిరుపతికి క్యాబ్ మాట్లాడుకుంటే కిలోమీటర్ల లెక్క కింద ‘డ్రైవర్ బేటా’ అని ఇంకో పద్దు ఉంటుంది. రాత్రి అక్కడే ఆగితే రెండో రోజుది కూడా. ఇంగ్లీషు మాటలా వినిపిస్తుంది గానీ, అసలు ఇంగ్లీషువాళ్లే దాన్ని ఇక్కడ నేర్చుకున్నారు.

కన్నడంలో వడ్లను భత్త అంటారు. సంస్కృతంలో భక్తం అంటే అన్నం. మన బత్తెమూ ఆ ఇంటిదే. ఇంగ్లీషువాళ్లు బత్తా అన్న ఈ బేటా పుట్టుక మీద నిఘంటుకారులు తగువు పడ్డారు. నేను వడ్ల పక్షం. తిండి ఖర్చుగా మొదలైంది, ఈస్టిండియా కంపెనీ సైన్యంలో జీతం మీద అదనపు డబ్బయింది. 1766లో గవర్నర్ క్లైవ్ డబుల్ బత్తా తీసేస్తే బెంగాల్లో తెల్ల అధికారులు మూకుమ్మడిగా రాజీనామాలు పడేశారు. 1828లో గవర్నర్ జనరల్ బెంటింక్ బత్తాను మళ్లీ కోస్తే మళ్లీ గోల. ఈ రెంటి మధ్య, 1809లో, మద్రాసు సైన్యం బెంగళూరులో కంటోన్మెంటు కట్టుకుంది.

ఇప్పుడు అదే బెంగళూరులో, ఔటర్ రింగ్ రోడ్డు ఆఫీసుల్లో ఇదే సరుకును పెర్క్స్ అంటారు. ఆదాయపు పన్ను చట్టంలో దాని పూర్తి పేరు పెర్క్విజిట్. కంపెనీ ఊరికే ఇచ్చిన ఇల్లూ జీతంలో లెక్కే. ఉచిత భోజనం, క్యాబు, జిమ్ము ఉన్నా టెకీ ఎవరూ వాటిని బత్తా అనరు. అది డ్రైవర్లకూ సినిమా కార్మికులకూ వదిలేసిన మాట.

డ్రైవర్లే తెలివైనవాళ్లు. ప్రయాణికుల్ని దింపినందుకు హైవే హోటళ్లు చాలావరకు వాళ్లకు ఊరికే భోజనం పెడతాయి. బేటా జేబులోనే ఉంటుంది, ముళబాగిలు దోసె దగ్గర మనసు జారకపోతే.