ఈసారి ప్రాజెక్టు మా బాబే చేశాడు

పోయినేడు మా బాబుకు ‘బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్’ ప్రాజెక్టు ఇచ్చారు. నేను హన్మకొండ చౌరస్తాకు వెళ్లి థర్మాకోల్ షీట్లు, మెరుపు కాగితాలు, గ్లూ గన్ కొనుక్కొచ్చాను. రాత్రి పదకొండు దాకా కూర్చుని వేయి స్తంభాల గుడి చేశాను. అందులో నిజంగా వేస్ట్ అన్నది ఒక్క అట్టపెట్టె మాత్రమే! ప్రైజు కూడా వచ్చింది. చూడటానికి వచ్చినవాళ్లు “ఎలా చేశావు నాన్నా?” అని అడిగితే, “మమ్మీ చేసింది” అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ వాడు ఆ సర్టిఫికెట్‌ను వారం రోజులు బ్యాగులోంచి బయటకు తీయలేదు. అలంకరణకు వాడే థర్మాకోల్‌ను 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారని నాకు తర్వాత తెలిసింది.

ఈ ఏడు వాడు ఏడో తరగతి. మళ్లీ అదే ప్రాజెక్టు. నేను షాపుకు బయల్దేరుతుంటే మా అత్తమ్మ ఒక సంచి తెచ్చి ముందు పెట్టారు. వేసవిలో చింతపండు ఒలిచినప్పుడు మిగిలిన గింజలు. “పారేసేటియి గివే గదా బిడ్డా. మా చేర్యాల దిక్కు వీటితోనే మొకాలు చేస్తరు” అన్నారు.

చేర్యాల 2016 దాకా మన వరంగల్ జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు సిద్దిపేట జిల్లా. అక్కడి నకాషీ కళాకారుల పటాలు, మాస్కులు చాలామంది చూసే ఉంటారు. ఊరూరా తిరిగి కథలు చెప్పేవాళ్ల కోసం ఆ పటాలు గీసేవారు. మాస్కులకు మాత్రం కావాల్సింది రంపపు పొట్టు, చింతగింజల జిగురు. చిన్న వాటికైతే లోపల ఒక కొబ్బరి చిప్ప. అంటే మనం చెత్తబుట్టలో వేసేవే.

సామిల్లులో అడిగితే ఒక కవర్ నిండా పొట్టు ఊరికే ఇచ్చారు. గింజలు నానబెట్టి, పైపొట్టు తీసి, రుబ్బి, గంజిలా ఉడికించాం. అందులో రంపపు పొట్టు కలిపితే చపాతీ పిండిలాంటి ముద్ద అయింది. బాబు దాన్ని కొబ్బరి చిప్ప మీద అద్ది ముక్కు, పెదాలు, కనుబొమలు దిద్దాడు. తొందరగా ఆరాలని నేనే తీసుకెళ్లి మేడ మీద ఎండలో పెట్టాను. సాయంత్రానికి నుదురు నుంచి గడ్డం దాకా నిలువునా పగిలింది.

బాబు ఏడ్చినంత పనిచేశాడు. అత్తమ్మ మాత్రం “నీడల ఆరాలె బిడ్డా. ఇంకోటి చేద్దాం పట్టు” అన్నారు. రెండోసారి పల్చగా అద్దుకుంటూ, ఒక పొర ఆరాక ఇంకో పొర వేశాడు. నాలుగు రోజులు ఓపిక పట్టాడు. తర్వాత సుద్ద పూసి, తన వాటర్ కలర్స్ వేసుకున్నాడు. ముక్కు కొంచెం ఎడమకు వంగింది. సరిచేయాలని నా చెయ్యి ఎన్నిసార్లు లేచిందో! ప్రతిసారీ అత్తమ్మ నా వైపు చూసేవారు. చెయ్యి వెనక్కి తీసుకునేదాన్ని.

ఈసారి ప్రైజు రాలేదు. కానీ బాబు తన మాస్కు పక్కన నిలబడి, జిగురు ఎందుకు ఉడికించాలి, ఎండలో పెడితే ఎందుకు పగులుతుంది అని వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. పగిలిన మొదటి మాస్కు కూడా పట్టుకెళ్లి చూపించాడు. అది తీసుకెళ్తాడని నాకు ముందు తెలియనే తెలియదు.

ఇప్పుడు రెండు మాస్కులూ మా హాల్లో గోడకు ఉన్నాయి. పోయినేటి థర్మాకోల్ గుడి ముక్కలు ఇంకా అటక మీదే ఉన్నాయి. వాటిని ఎక్కడ పారేయాలో నాకు తెలియడం లేదు.

తోటి తల్లిదండ్రులకు ఒక్క మాట. వచ్చేసారి ప్రాజెక్టు ఇచ్చినప్పుడు షాపుకు వెళ్లేముందు ఇంట్లో పెద్దవాళ్లను ఒకసారి అడగండి. బొంత కుట్టడమో, తడక అల్లడమో వాళ్లకు ఏదో ఒకటి వచ్చే ఉంటుంది. పిల్లలు చేసేటప్పుడు మాత్రం, కష్టమే అయినా, మన చేతులు మన దగ్గరే పెట్టుకుందాం.

— ఏడో తరగతి విద్యార్థి తల్లి, హన్మకొండ