లంబసింగిలో జెట్టు మార్చిన రోజు

గాజువాకలో మా మేస్త్రి షెడ్డుకి కొత్త ఆయిల్ డబ్బా పట్టుకొచ్చే కుర్రాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: "మేస్త్రీ, ఇది మంచిదేనా?" ఆయన డబ్బా ముందువైపు బొమ్మ చూసేవాడు కాదు. వెనక్కి తిప్పి, చిన్న అక్షరాల్లో జాసో ఎఫ్‌డీ అని ఉందేమో వెతికేవాడు. ఉంటే "పోసుకో" అనేవాడు. టీసీ-డబ్ల్యూ3 అని కనబడితే మాత్రం "ఇది పడవలకి బాబూ, చేపల రేవులో ఇచ్చేసి రా" అని డబ్బా చేతిలో పెట్టేసేవాడు. నీళ్లతో చల్లబడే పడవ ఇంజను వేరు, గాలి తప్ప దిక్కులేని మన టూ-స్ట్రోక్ బండి ఆరెక్స్ 100 వేరు. మట్టిదారిలో ఫస్టు, సెకండు గేర్లలో గింజుకునే బండికి ఆ గాలి కూడా సరిగ్గా తగలదు.

మేస్త్రి పడుచు వయసులో మద్రాసు షెడ్లలో పనిచేసి, షోలవరం పాత రన్‌వే మీద రేసులు చూసిన మనిషి. అప్పటి ఆముదం ఆయిల్ కాలిన వాసన గురించి అడిగితే పని ఆపేసి మరీ చెప్పేవాడు. వేడిని అంత బాగా తట్టుకునేది లేదట, కానీ రింగు గాడుల్లో జిగురు పట్టేస్తుందట, కలిపి ఉంచేస్తే పెట్రోల్లోంచి విడిపోతుందట. సింథటిక్ ఎస్టర్ ఆయిలంటే ఆయన దృష్టిలో జిగురు తీసేసిన ఆముదమే. ఆముదం కూడా ఎస్టరే కాబట్టి ఆ మాట మరీ దూరం కాదు.

ఆయన దగ్గర మేం గట్టిగా నేర్చుకున్నది ఇంకొకటి ఉంది. పెట్రోల్లో ఆయిల్ మిక్సింగు ఒకసారి ఖాయం చేసుకున్నాకే కార్బొరేటర్‌లోని జెట్టు ముట్టుకోవాలి. మేం బండ్లతో వచ్చిన ఆయిల్ పంపులు తీసేసి, లీటరు పెట్రోలుకి 30 మి.లీ. ఆయిల్ కలిపేవాళ్లం. "ఇంకొంచెం పోస్తే మంచిదే కదా" అని ఎవరన్నా అంటే ఆయనకి ఒళ్లు మండేది. జెట్టు కన్నంలోంచి వెళ్లేది ఎంతో అంతే. అందులో ఆయిల్ వాటా పెరిగితే పెట్రోలు వాటా తగ్గినట్టే. గాలికి పెట్రోలు చాలక మిశ్రమం లీన్ అవుతుంది, ఇంజను వేడెక్కుతుంది. అలా అనుకోకుండానే జెట్టు చిన్నది చేసినట్టవుతుందని ఆయన బాధ.

2014 డిసెంబరులో, హుద్‌హుద్ తుపాను వెళ్లిన రెండు నెలలకి, మేం నర్సీపట్నం మీదుగా లంబసింగి ఎక్కాం. చింతపల్లి వైపు కాఫీ తోటల మధ్య మట్టిదారుల్లో తిప్పాలని సరదా. మేస్త్రి కూడా వచ్చాడు, జెట్ల డబ్బీ జేబులో వేసుకుని.

తెల్లవారుజామున మంచులో మా బండ్లు విశాఖలో ఎలా నడిచాయో అక్కడా అలాగే నడిచాయి. నాకు అదే వింతగా అనిపించింది. వెయ్యి మీటర్ల ఎత్తుకి వెళ్తే గాలి పలచబడి, పెట్రోలు ఎక్కువై బండి మొరాయించాలి కదా? మేస్త్రి అరచేతులు సైలెన్సర్ దగ్గర కాచుకుంటూ లెక్క చెప్పాడు. ఎత్తు వల్ల గాలి ఓ పదోవంతు తగ్గింది నిజమే. కానీ కింద 30 డిగ్రీలున్నది ఇక్కడ 5 అయింది. చల్లగాలి చిక్కగా ఉంటుంది, పోయిన పదోవంతు దాదాపు తిరిగొచ్చేసింది. "ఎండెక్కనీ, అప్పుడు చూద్దువు."

ఎండెక్కింది. పదకొండు దాటేసరికి నిండు థ్రాటిల్ మీద బండ్లన్నీ మిస్సింగు కొట్టడం మొదలెట్టాయి. సగం థ్రాటిల్ దాకా బాగానే ఉండి, ఆ పైన గొంతు పూడిపోయినట్టు బొబ్బొబ్బమనడం. సగం దాకా బాగుందంటే నీడిల్‌తో పనిలేదు, మెయిన్ జెట్టే. అందరికీ ఒక నంబరు తక్కువ జెట్టు బిగించాడు. నిండు థ్రాటిల్‌లో ఒక పరుగు తీయించి, క్లచ్ నొక్కి అక్కడికక్కడే ఇంజను ఆపించి, ప్లగ్గులు విప్పి చూశాడు. పింగాణీ మీద లేత గోధుమ రంగు. ఆ మధ్యాహ్నం బండ్లు ఎలా లాగాయో ఇప్పటికీ చెప్పుకుంటాం.

దిగేముందు అందరి జెట్లూ మళ్లీ పాతవాటికి మార్చాలన్నాడు. మాలో ఒకడు, రైల్వేలో పనిచేసేవాడు, "ఇంత బాగా నడుస్తుంటే ఎందుకు మేస్త్రీ" అని వినలేదు. పైగా జాగ్రత్త కోసమని, ఖరీదైన ఆ ఎస్టర్ ఆయిలే ఇంకో మూతెడు ట్యాంకులో పోశాడు. చిన్న జెట్టు, దాంట్లో మళ్లీ ఎక్కువ ఆయిల్. ఘాట్‌లో దిగుతూ థ్రాటిల్ మూసేసి ఇంజను మీదే బండిని ఆపుకుంటూ వచ్చాడు. మిక్సింగు బండికి అది ఇంకో గండం, ఎందుకంటే పెట్రోలు ఆగితే ఆయిలూ ఆగుతుంది. మధ్యమధ్యలో థ్రాటిల్ ఒకసారి తిప్పి వదలమని మేస్త్రి ముందే చెప్పాడు. పాపం అది మాత్రం పాటించాడు.

మైదానంలోకి దిగి, ఖాళీ రోడ్డు చూసి థ్రాటిల్ నిండుగా తిప్పాడు. కాసేపటికి కీచుమని చక్రం పట్టేసింది. వాడు క్లచ్ పట్టుకున్నాడు కాబట్టి పడలేదు. నర్సీపట్నంలో ఒక షెడ్డు వాళ్లని బతిమాలి హెడ్డూ సిలిండరూ విప్పాం. వాడు తిట్టేది ఆయిల్ కంపెనీని. అంత డబ్బు పోసి కొంటే ఇదా అని. మేస్త్రి మాట్లాడకుండా ప్లగ్గు చూపించాడు, తెల్లగా పాలిపోయి ఉంది. పిస్టన్ మీద గీతలన్నీ సైలెన్సర్ వైపే. తర్వాత టార్చి వెలుగు లోపల కనెక్టింగ్ రాడ్డు అడుగు బేరింగు మీదికి పట్టాడు. ఆయిల్‌తో నిగనిగలాడుతోంది.

"ఆయిల్ లేక పట్టేస్తే ముందు ఇది ఎండిపోవాలి కదా నానా? నీకు తక్కువైంది పెట్రోలు."

బండిని వ్యాన్‌లో ఎక్కించి గాజువాక తెచ్చాం. సిలిండర్ బోరు కొట్టించి 0.25 ఓవర్‌సైజు పిస్టన్ వేశారు. బిల్లుతో పాటు మేస్త్రి వాడికి మందుల షాపులో కొన్న 50 మి.లీ. సిరంజి ఒకటి ఇచ్చి, 30 గీత దగ్గర నెయిల్ పాలిష్‌తో ఎర్రగా గుర్తు పెట్టాడు. సిరంజి డబ్బులు కూడా బిల్లులోనే వేశాడు.