పెళ్లి పందిట్లో కెమేరా

కెమేరా కొనదలచినవారు సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న "ఏ కంపెనీది మంచిది?" అని. రెండో ప్రశ్న "ఎన్ని మెగాపిక్సెళ్లు?" అని. ఈ రెండు ప్రశ్నలకూ మేము జవాబు చెప్పడం మానుకొన్నాము. ఎంచేతనంటే, పేరుపడ్డ కంపెనీల కెమేరాలలో ఏది తెచ్చుకొన్నా, పట్టపగలు ఆరుబయట, నిలబడమన్నచోట నిలబడిన మనిషిని అది చక్కగానే తీస్తుంది. చిక్కంతా పెళ్లి దగ్గర వస్తుంది. మా వైపు పెళ్లి చాలా మట్టుకు రాత్రి ముహూర్తానికి జరుగుతుంది; పందిరి కింద జరుగుతుంది; హోమం పొగలో జరుగుతుంది. ఎవ్వరూ నిలబడమన్నచోట నిలబడరు. జీలకర్రా బెల్లమూ మళ్లీ ఒకసారి పెట్టి చూపించండని పెళ్లివారిని అడగడానికి వీల్లేదు గదా! అందుచేత సరదాకు కొనే గృహస్థయినా, పెళ్లిళ్లు తీసి నాలుగు డబ్బులు చూడదలచిన కుర్రవాడయినా, పెళ్లిని మనసులో పెట్టుకొనే సరంజామా ఎంచుకోవడం మంచిదని మా అభిప్రాయం. పెళ్లిలో పనికివచ్చినది పుట్టినరోజు పండుగకు పనికిరాకపోదు.

మేము వృత్తిరీత్యా ఫోటోగ్రాఫరులము కాము. బరంపురంలో ఒక ఆఫీసులో గుమాస్తాగిరీ మాది. చదువు మెట్రిక్కుతో సరి. పగలంతా ఒడియాలో కాగితాలు నడిపి, సాయంత్రం ఇల్లు చేరి తెలుగులో కబుర్లు చెప్పుకొనే కుటుంబాలు ఈ ఊళ్లో తరతరాలుగా ఎన్నో ఉన్నాయి. మాదీ అందులో ఒకటి. ఇరవై ఏళ్లుగా ఆదివారాలు కెమేరాతో గడపడం మాకు అలవాటయింది. ఆ సంగతి తెలిసి, బంధువర్గంలో ఎవరు కెమేరా కొనాలన్నా ముందు మా గడప తొక్కుతారు. ఈ మధ్య మా మేనల్లుడు వచ్చాడు.

"మావయ్యా, లక్ష రూపాయలు కూడబెట్టాను. వైశాఖంలో మా పెదనాన్న కూతురి పెళ్లి ఉంది. దాంతో మొదలెట్టి పెళ్లిళ్లు ఒప్పుకుందామనుకుంటున్నాను. మొత్తం పెట్టి మంచి బాడీ కొనేయమంటావా?" అన్నాడు.

"వద్దురా" అన్నాము.

ఎందుకు వద్దన్నామో తెలియాలంటే మా పెద్దమ్మ సంగతి చెప్పాలి. ఆవిడ ఖరగ్‌పూర్‌లో రైల్వే క్వార్టర్సులో ముప్ఫయి ఏళ్లు కాపురం చేసి, పెదనాన్నగారు పోయిన తరువాత మా దగ్గరకు వచ్చి ఉండిపోయింది. ఫోటో అంటే ఆవిడకు మహా సిగ్గు. ఎవరైనా కెమేరా ఎత్తితే నలుగురి వెనక్కీ జరిగేది. 2016లో మా యింట పెళ్లి జరిగినప్పుడు ఒక స్టూడియో వారిని పిలిచాము. వారు తెచ్చిన కెమేరా బాడీ చాలా ఖరీదైనది; ఆ సంగతి వారే నాలుగుసార్లు చెప్పారు. ఆల్బము వచ్చింది. పెళ్లికూతురి గోరింటాకు చేతులు, జడగంటలు, వంకీ అన్నీ ధగధగలాడుతూ ఉన్నాయి. అందరూ సంతోషించారు.

మూడేళ్ల తరువాత పెద్దమ్మ పోయింది. పటం కట్టించడానికి ఫోటో కావలసివచ్చి ఆ ఆల్బమూ, స్టూడియో వారిచ్చిన 600 ఫోటోలూ తిరగవేశాము. పెద్దమ్మ 11 ఫోటోలలో ఉన్నది, అన్నింటా వెనక వరుసలోనే. నాలుగింటిలో ఆవిడ ముఖం చీకటి. ముక్కున బేసరి మాత్రం చుక్కలాగ మెరుస్తున్నది. అయిదింటిలో ముఖం మసక. మిగిలిన రెండింటిలో ఎవరిదో భుజం అడ్డు వచ్చింది. చివరకు ఆధార్ కార్డు మీది ముఖాన్నే పెద్దది చేయించి దండ వేశాము. ఆ పటంలో పెద్దమ్మ ఎవరిమీదనో కోపంగా ఉన్నట్లు కనబడుతుంది. మా ఎరికలో ఆవిడ ఒక్కనాడు గట్టిగా మాట్లాడిన మనిషి కాదు.

భుజం అడ్డు వచ్చినదానికి ఎవరినీ అనలేము. తక్కిన తొమ్మిది ఫోటోలను మాత్రం ఎదర పెట్టుకొని ఏది ఎందుకు చెడిందో విచారించాము. లెన్సూ, ఫ్లాషూ, బాడీ అన్నవాటిలో దేనికి ముందు డబ్బు పెట్టాలో ఆ విచారణలోనే తేలిపోయింది.

ముందు చీకటి సంగతి. ఫ్లాషు వెలుగు దూరం పెరిగినకొద్దీ చాలా వేగంగా తరిగిపోతుంది. దూరం రెట్టింపయితే వెలుగు సగం కాదు, నాలుగోవంతు అవుతుంది. మూడు రెట్లయితే తొమ్మిదోవంతు. పెళ్లికూతురు కెమేరాకు రెండు మీటర్లలో కూర్చున్నది, పెద్దమ్మ నాలుగు మీటర్లలో నిలబడ్డది అనుకోండి. ఫ్లాషును ఎదురుగా కొడితే పెళ్లికూతురికి అందిన వెలుగులో పెద్దమ్మకు అందేది పావువంతే. ముందున్న పట్టుచీర తెల్లగా కాలిపోతుంది, వెనక ఉన్నవారు చీకట్లో కలిసిపోతారు. దీనికి విరుగుడు, తల పైకీ పక్కకీ తిరిగే ఫ్లాషు. దాని ముఖాన్ని తెల్లని కప్పు మీదికి తిప్పి కొడితే కప్పే ఒక పెద్ద దీపమై, ముందు వరుసకూ వెనక వరుసకూ ఇంచుమించు సమంగా వెలుగు రాలుతుంది.

అయితే మన పందిళ్లకు తెల్లని కప్పు ఎక్కడిది? టెంటుహౌసు వారు ఎర్రగుడ్డో పసుపుగుడ్డో కడతారు. వెలుగు ఆ రంగే పూసుకొని ముఖాల మీద పడుతుంది. కనుక ముందురోజే వారితో మాట్లాడి, వేదిక నెత్తిన మాత్రం తెల్లగుడ్డ కట్టించుకోవాలి. ఇందుకయ్యే ఖర్చు ఒక లెన్సు మూత ఖరీదుకు మించదు.

ఫ్లాషు బలాన్ని గైడ్ నంబరు అనే అంకెతో చెబుతారు. ఐఎస్‌ఓ 100 దగ్గర గైడ్ నంబరు 40 అంటే, ఎఫ్/4 దగ్గర 10 మీటర్ల దాకా వెలుగు చాలుతుందని అర్థం. 40ని 4తో భాగిస్తే 10. కప్పు మీదికి కొట్టినప్పుడు వెలుగు చాలావరకు దారిలోనే పోతుంది గనుక ఈ అంకె పెద్దదిగా ఉండడమే మేలు. అటూ ఇటూ తిరుగుతూ తీసేవారికి వెలుగును తానే కొలుచుకొనే టీటీఎల్ ఫ్లాషు అవసరం. ఒకేచోట నిలబడి తీయడానికయితే చేత్తో సరిచేసుకొనే చవకరకం చాలు.

ఇక మసక సంగతి. కెమేరాతోపాటు పెట్టెలో వచ్చే 18-55 లెన్సును 55 దగ్గరకు లాగితే, దాని కన్ను ఎఫ్/5.6కు మించి విచ్చుకోదు. ఈ అంకె చిన్నదయినకొద్దీ కన్ను పెద్దదని తెలుసుకోవాలి. ఎఫ్/1.8 లెన్సు దానికన్న సుమారు పదిరెట్లు వెలుగును లోపలికి రానిస్తుంది. అంటే, పెట్టెలో వచ్చిన లెన్సుతో సెకనులో 15వ వంతు పట్టే ఫోటో దీనితో 150వ వంతులో పూర్తవుతుంది. 15వ వంతులో తలంబ్రాలు పోసే చెయ్యి కదలిపోతుంది, అక్షింతలు వేసే పెద్దమ్మ తల కదలిపోతుంది. లెన్సులో కుదుపు ఆపే యంత్రం ఉన్నదని దుకాణదారు చెబుతాడు. అది ఆపేది మన చేతి కుదుపును, వారి చేతిని కాదు.

అట్లా అని కన్ను పెద్దగా విప్పితే అన్నీ బాగుపడతాయా అంటే, అదీ లేదు. ఎఫ్/1.8 దగ్గర ముందున్న ముఖం చెక్కినట్లు వస్తుంది. వెనకనున్నవారు నీళ్లలో నీడల్లాగ కరిగిపోతారు. మా పెద్దమ్మ మసకబారిన అయిదు ఫోటోలలో మూడు ఇట్లా చెడినవే. ఈనాటి కుర్రవాళ్లకు ఈ కరగడమంటే మోజు. పువ్వును తీసినప్పుడు అది అందమే. పెళ్లిలో వెనకనున్నది బ్యాక్‌గ్రౌండు కాదు, బంధువర్గము. అందుచేత ముహూర్తం వేళా, ఒంటరి ముఖం తీసేటప్పుడూ కన్ను పెద్దది చేయాలి. నలుగురు కలిసి నిలబడితే ఎఫ్/5.6 గానీ ఎఫ్/8 గానీ చేసి, తగ్గిన వెలుగును ఫ్లాషుతో భర్తీ చేయాలి. మంచి లెన్సు ఉన్నా ఫ్లాషు లేకపోతే సగం పనే అన్నది ఇందుకే.

ఏ లెన్సు అంటారా? చిన్న సెన్సారు బాడీలలో లెన్సు చూపు సుమారు ఒకటిన్నర రెట్లు ఇరుకవుతుంది. కాబట్టి దాని మీద 35 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 లెన్సు పెద్ద సెన్సారు మీద 50 లాగ పనిచేసి, ఇంటికీ వేదికకూ సరిపోతుంది. దూరంనుంచి ముఖాలు తీయడానికి 50 బాగుంటుంది. జనంలో తిరిగేటందుకు 17-50 ఎఫ్/2.8 వంటి జూము ఒకటి కావాలి. అయితే వెడల్పు చివర, అనగా 17 దగ్గర, గ్రూపు ఫోటో తీస్తే అంచున నిలబడ్డవారు అడ్డంగా సాగిపోతారు. పెద్దవాళ్లను అంచున నిలబెట్టకండి. వీలుంటే నాలుగడుగులు వెనక్కు వెళ్లి 30 దగ్గర తీయండి.

బాడీని చివరకు ఉంచామని కెమేరా ప్రియులకు కోపం రావచ్చును. లెక్క చూడండి. పెద్ద సెన్సారు 36, 24 మిల్లీమీటర్ల కొలత. చిన్నది సుమారు 23.5, 15.6. వైశాల్యంలో తేడా రెండింతల పైచిలుకు మాత్రమే. లెన్సు మార్చడం వల్ల పదిరెట్లు వెలుగు వస్తుంటే, దానికన్న ఎక్కువ ఖర్చుపెట్టి బాడీ మార్చడం వల్ల వచ్చే లాభం ఇంతే. మెగాపిక్సెళ్లంటారా, ఆల్బములో 12 అంగుళాలు, 18 అంగుళాల పేజీ నిండుగా అచ్చు వేయడానికి 20 మెగాపిక్సెళ్లు సరిపోతాయి. పైగా బాడీలు మూడు నాలుగేళ్లకే పాతబడతాయి, లెన్సులు నిలుస్తాయి. నికాన్ వారి ఎఫ్ మౌంటు 1959లో పుట్టింది. మధ్యలో కొన్ని మార్పులు జరిగినా అరవై ఏళ్లు నడిచింది. 2018లో నికాన్, కానన్ వారిద్దరూ అద్దం లేని కెమేరాలకు కొత్త మౌంట్లు తేవడంతో పాత అద్దపు కెమేరాలు సెకండుహ్యాండులో చవకగా దొరుకుతున్నాయి.

పెళ్లిళ్లు ఒప్పుకొనేవారు బాడీలో తప్పకుండా చూడవలసినది ఒక్కటి: రెండు మెమొరీ కార్డులకు చోటు. ఒక కార్డు చెడితే రెండోదానిలో ఫోటో ఉంటుంది. చెడిన కార్డు మార్చి ఇస్తారు గాని, జరిగిపోయిన పెళ్లిని ఎవరు మార్చి ఇస్తారు?

ఈ లెక్క ప్రకారం మా మేనల్లుడి లక్ష ఇట్లా పంచాము: 40 వేలు బాడీకి, 35 వేలు రెండు లెన్సులకు, 15 వేలు ఫ్లాషుకు, 10 వేలు బ్యాటరీలకూ కార్డులకూ పెట్టెకూ. బాడీ 2015లో వచ్చిన నికాన్ డి7200, సెకండుహ్యాండుది. రెండు కార్డులు పడుతుంది. పెట్టె ఎందుకంటే, గోపాల్‌పూర్ సముద్రం మనకు కూతవేటులో ఉన్నట్లే. ఈ తేమగాలికి లెన్సు లోపల బూజు పడుతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి భద్రపరచాలి. సెకండుహ్యాండు లెన్సు కొనేటప్పుడు దాన్ని దీపానికి ఎదురుగా పట్టి, లోపల సాలెగూడులాంటి పోగులేవీ లేవని చూసుకొన్న తరువాతే డబ్బు చెల్లించాలి.

డబ్బు పెట్టకుండా నేర్చుకోవలసినవి రెండున్నాయి. మధుపర్కాల తెలుపును చూసి కెమేరా మోసపోతుంది. ఆ తెలుపును బూడిదరంగుకు దించబోయి ముఖాలను నల్లబరుస్తుంది. అప్పుడు వెలుగును ఒక స్టాపు వరకూ పెంచాలి. రెండోది, మన కరెంటు దీపాలలో చాలా రకాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు గాని ఫోటోలో చారలు పడతాయి. ఫ్లాషు లేకుండా తీసేటప్పుడు షట్టరును సెకనులో 100వ వంతు దగ్గర ఉంచితే చారలు చాలావరకు పోతాయి. రాత్రి వెలుగులో చెయ్యి తిరగాలంటే రెండేళ్లకొకసారి మన ఊళ్లో జరిగే ఠాకురాణీ యాత్ర మంచి బడి. పులివేషగాళ్లను దివిటీ వెలుగులో పట్టుకోగలిగినవాడు తలంబ్రాలు పట్టుకోగలడు.

సొంత కెమేరా లేక, ఫోటోగ్రాఫరును పిలిచే ఇంటివారికి ఒక్క మాట. "ఏ కెమేరా తెస్తావు నాయనా?" అని అడగకండి. ఫ్లాషు తల తిరుగుతుందా, ఎఫ్/2.8 గాని అంతకన్న పెద్ద కన్ను గాని గల లెన్సు ఉన్నదా, ఒక కెమేరా మొరాయిస్తే రెండోది ఉన్నదా అని అడగండి. తరువాత ఒక కాగితం మీద, పెళ్లికి వచ్చే అరవై దాటిన వారి పేర్లన్నీ వరుసగా వ్రాయండి. ఇచ్ఛాపురం తాతగారు, జట్నీ అత్తయ్య, రాయగడ పెదనాన్న, ఎవరినీ విడిచిపెట్టకుండా వ్రాయండి. ఆ కాగితం ఇంటి కుర్రవాడొకడి చేతికిచ్చి ఫోటోగ్రాఫరు వెంట తిప్పండి. ఒక్కొక్కరినీ తెల్లగుడ్డ కిందికి తీసుకొనివచ్చి, కుర్చీ వేసి, విడిగా ఒక్క ఫోటో తీయించి, పేరుకు ఎదురుగా టిక్కు పెట్టించండి. సిగ్గుపడి వెనక్కు జరిగేవారి పేర్లు అన్నిటికన్న పైన వ్రాయండి. భోజనాలకు లేవకముందే ఈ పని ముగించడం మంచిది. వంకాయకూర వడ్డించిన తరువాత పెద్దలెవరూ కెమేరా వైపు చూడరు.